దొప్పల మధ్య సందు

పెద్దోడు తలుపు కొట్టలేదు, కాలితో తన్నాడు. లోపల బల్ల మీద వంగి ఎండిన ఆకుకు జిగురు రాస్తున్న అక్క చేతిలోంచి కుంచె ఎగిరి కింద పడింది. తలెత్తి చూస్తే గుమ్మంలో తమ్ముడు. ఒక చేతిలో పార, ఇంకో చేతిలో తువ్వాలు మూట. చొక్కా ముందంతా నెత్తురు. వాడి ఒంటి మీద గీత కూడా లేదు కాబట్టి ఆ నెత్తురు వాడిది కాదని అక్కకు వెంటనే అర్థమైంది.

"ఎవరిదిరా అది?"

"చిన్నోడిది. ముక్కు పగిలింది. రెండు వేళ్లు కూడా విరిగినట్టున్నాయి. ప్రాణానికేం కాలేదులే," అన్నాడు పెద్దోడు, ఏదో ఉపకారం చేసొచ్చినట్టు. "ప్రాణం సంగతి నువ్వు చెప్పాక చూస్తా."

తువ్వాలు మూట తెచ్చి బల్ల మీద కొట్టాడు. జిగురు ఆరని కాగితం మీదే కొట్టాడు. నాలుగు రోజుల పని పాడైంది. మామూలు రోజైతే అక్క దానికి చెడామడా తిట్టి ఉండేది. ఇవాళ ఆ కాగితం వైపే చూడలేదు.

ఆమె పని వ్యవసాయ కళాశాల వెనక భాగంలో, ఎండు మొక్కల గదిలో. ఎక్కడెక్కడివో మొక్కలు అక్కడికి వస్తాయి. వాటిని కాగితాల మధ్య పెట్టి, బరువు కింద వత్తి, ఆరబెట్టి, అట్టకు అతికించి, పేరు రాసి, ఇనప బీరువాల్లో దాచాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. కళాశాలలో అందరూ ఆమెను భూతద్దం అంటారు, ఎదురుగానే అంటారు. ఆమెకు కోపం రాదు సరికదా లోలోపల మురిసిపోతుంది కూడా. పక్కింటావిడ కొత్త చీర కట్టుకుంటే గుర్తుపట్టదు గానీ, అక్కాచెల్లెళ్లలాంటి రెండు గడ్డిపోచలు ముందు పెడితే ఏది ఏదో చిటికెలో చెబుతుంది. ఇంతవరకు ఆమె రాసిన పేరును ఎవరూ కొట్టేయలేదు. ఆ గర్వం ఆమెకు బాగానే ఉంది.

"చూడు," అన్నాడు పెద్దోడు. "ఇవి నా నారు తోటలో, పాక పక్కన మిగిలిన తీగవి. ఇవి వాడి కంచె మీదివి. రెండూ ఒకటే. అవునా కాదా? అంతే చెప్పు."

సంగతి ఇది. తండ్రి పోయాక పొలం రెండు ముక్కలైంది, మధ్యలో గోడ లేచింది. గోడకు ఇటు పెద్దోడి నారు తోట. అటు చిన్నోడి పూలతోట. భార్య పోయాక పెద్దోడికి తిండి, నిద్ర, మాట, ముచ్చట అన్నీ ఆ నారుతోనే. మొన్న తనిఖీ అధికారి వచ్చి ట్రేలలో మొక్కల మధ్య ఒక తీగ చూశాడు. నిషేధించిన కలుపు జాబితాలో ఉన్న తీగ. దాని వేరు ముక్క ఒక్కటి నారుతో పాటు పొలంలోకి పోతే ఇక ఆ పొలం గతి అంతే. నిన్న నలభై వేల మొక్కలు గుంటలో పోసి, పెద్దోడి కళ్లముందే తగలబెట్టించి, గేటుకు సీలు వేసి పోయాడు. రాత్రంతా పెద్దోడు ఆ గుంట పక్కనే కూర్చున్నాడట. తెల్లవారగానే గోడకు అవతల కంచె నిండా విచ్చుకున్న తెల్లటి బాకాపూలు కనబడ్డాయి. పోయిన వేసవిలో నీళ్ల దగ్గర గొడవైనప్పుడు చిన్నోడు పదిమంది ముందు "నీ తోట సర్వనాశనం చేస్తా చూడు" అన్న మాట గుర్తొచ్చింది. అంతే, పోయి కొట్టాడు.

"వేరు ముక్కలు కోసి గోడ మీంచి విసిరాడు అక్కా. నాకు తెలుసు. కానీ తప్పు చేయని తమ్ముణ్ణి చంపానన్న మాట నాకొద్దు. అందుకే నీ దగ్గరికొచ్చా. నువ్వు రెండూ ఒకటే అను, ఇవాళే వాణ్ణి ఆ కంచె కింద పాతిపెడతా."

వాడు బెదిరించడానికి అనడం లేదు. చిన్నప్పటి నుంచి వాడికి ఉత్తినే అనడం రాదు. అక్క స్టూలు లాక్కుని కూర్చుని మూట విప్పింది.

ఎండు మొక్కల గదిలో ఈ తీగల్ని బాకాలంటారు. మూడు రకాలు, మూడూ దగ్గరి చుట్టాలు. దొరికినదాన్నల్లా చుట్టుకుని పైకి పాకుతాయి. మూడింటికీ బాణం ములుకులాంటి ఆకు, బాకాలాంటి పువ్వు. నేల బాకా పువ్వు చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దదంతే, దాన్ని ఎవరైనా పోల్చుకుంటారు. తంటా అంతా మిగతా రెండింటితోనే. కంచె బాకా, ఉబ్బు బాకా. ఆకు చూసి చెప్పలేం, పువ్వు రంగు చూసి చెప్పలేం. పువ్వును వెనక్కి తిప్పి చూడాలి. అడుగున రెండు దొప్పల్లాంటి ఆకులుంటాయి. కంచె బాకాకు ఆ దొప్పలు చదునుగా పక్కపక్కన నిలబడతాయి, మధ్య సందులోంచి లోపలి పచ్చటి రక్షక పత్రాలు కనబడతాయి. ఉబ్బు బాకాకు దొప్పలు బుగ్గల్లా ఉబ్బి, ఒకదాని మీదికి ఇంకొకటి ఎక్కి, లోపలున్నదేదీ కనబడనివ్వవు. తేడా అంతే, గోరు మందం సందు. జాబితాలో ఉన్నది ఉబ్బు బాకా. కంచె బాకా జోలికి ఎవరూ పోరు.

మూటలో పువ్వులన్నీ కలిసిపోయి, నలిగి ముద్దయ్యాయి. దొప్పలు పువ్వుకు అంటుకుపోయి, మెలికపడి, ఒకదాని మీద ఒకటి పడున్నాయి. వత్తితే ఏ దొప్పైనా పక్కదాని మీదికి ఎక్కుతుంది. ఈ ముద్దను చూసి పేరు చెబితే గుడ్డిలో బాణం వేసినట్టే.

"దీన్ని చూసి చెప్పలేను," అంది.

పెద్దోడు పార పిడి నేలకు కొట్టాడు. "చెప్పలేవా? చెప్పవా?"

"నలిగిన పువ్వు సాక్ష్యానికి పనికిరాదురా. తీగ మీదున్న పువ్వు చూడాలి. నీ తోటలోవి ఇరవై, వాడి కంచె మీదివి ఇరవై. అంతవరకు వాడి మీద చెయ్యి వేశావో, నీకు అక్క లేదనుకో."

పెద్దోడు కాసేపు ఆమెను ఎగాదిగా చూశాడు. "మధ్యాహ్నం మూడు గంటలదాకా ఆగుతా. తోటలో ఉంటా," అని, పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వరండాలో ఎదురైన గుమాస్తా ఆ చొక్కా చూసి గోడకు అతుక్కుపోయాడు.

అక్క భూతద్దం సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది. మోకాళ్లు అరిగిపోయి నాలుగేళ్లు. నాలుగడుగులు వేస్తే రెండు నిమిషాలు ఆగాలి. ముందు చిన్నోడి ఇంటికే పోయింది.

చిన్నోడు వాకిట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గుడ్డ కట్టు, కళ్ల కింద నల్లగా వాపు. ఎడమ చేతి వేళ్లు రెండూ చెక్కముక్కకు కలిపి కట్టారు. గునపం మొన పైకి వచ్చేలా రెండు మోకాళ్ల మధ్య బిగించి, కుడిచేత్తో ఆకురాయి పెట్టి రుద్దుతున్నాడు. మరదలు గుమ్మంలో నిలబడి ఏడుస్తూ తిడుతోంది, తిడుతూ ఏడుస్తోంది.

"చూశారా వదినా మీ పెద్ద తమ్ముడి నిర్వాకం! నిద్రలో ఉన్న మనిషిని జుట్టు పట్టి ఈడ్చి కొట్టారు. ముఖం మీద కాలు పెట్టి తొక్కారు వదినా. నేను అడ్డం పోతే నన్నూ తోసేశారు. పోలీసుల దగ్గరికి పోదామంటే ఈయన వినరు."

"పోలీసులెందుకు? నాకు చేతుల్లేవా?" అన్నాడు చిన్నోడు. ముక్కు కట్టుతో మాట ముద్దగా వచ్చింది. చేయి మాత్రం ఆగలేదు.

"గునపం కింద పెట్టరా."

"పెట్టను. పొద్దున చేతిలో ఏమీ లేక దెబ్బలు తిన్నా. ఈసారి వాడి దెబ్బ పడేదాకా ఆగను."

అక్క అతని ఎదురుగా గట్టు మీద కూర్చుంది. "నిజం చెప్పు. నా మీద ఒట్టు. గోడ మీంచి వేర్లు విసిరావా?"

చిన్నోడు ఆకురాయి ఆపాడు. "విసరాలనిపించింది. పోయిన వేసవిలో అయితే రోజూ అనిపించింది. విసరలేదు. ఆ తీగ లేకపోతే నా కంచె నిలబడదక్కా. మేకలు పడి తినేస్తాయి. బంగారంలాంటి తీగ పీకి వాడికెందుకిస్తాను?"

ఆ మాటలో అబద్ధం లేదని అక్కకు అనిపించింది. కానీ అనిపించడంతో పెద్దోడు ఆగడు. లేచి కంచె దగ్గరికి పోయింది. ఒక్కో పువ్వునూ తెంపకుండా వెనక్కి తిప్పి, అద్దం పెట్టి చూసింది. సందు ఉంది. రెండో పువ్వు, సందు ఉంది. మూడో పువ్వు. ఇరవై లెక్కపెట్టేసరికి ఆమెకు చెమటలు పట్టాయి. ఇరవైకి ఇరవై కంచె బాకాలే. పచ్చటి రక్షక పత్రాలు సందులోంచి తొంగి చూస్తూనే ఉన్నాయి.

"ఇంట్లో ఉండండి. నేనొచ్చి చెప్పేదాకా ఎవరూ బయటికి రావద్దు," అని ఇద్దరికీ చెప్పింది. మరదలు తలూపింది. చిన్నోడు ఊపలేదు.

నారు తోట గేటు సీలు వేసి ఉంటే పక్క దారిలోంచి లోపలికి పోయింది. మసి వాసన గొంతులో పడింది. గుంటలో ఇంకా పొగ వస్తోంది. ప్లాస్టిక్ ట్రేలు కరిగి అట్టలు కట్టాయి. పెద్దోడు బోర్లించిన డబ్బా మీద కూర్చుని, కాలిన మట్టిని పారతో పొడుస్తున్నాడు. ఊరికే పొడుస్తున్నాడు.

పనివాళ్ల పాక పక్కన, తనిఖీ అధికారి కంటపడని మూల, ఒక స్తంభాన్ని చుట్టుకుని తీగ పైకి పోయింది. పూలు అరచేయంత ఉన్నాయి. అక్క మొదటి పువ్వు వెనక్కి తిప్పింది. దొప్పలు బుగ్గల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని అంచు ఇంకోదాని మీద ఎక్కి ఉంది. సందు లేదు. రెండోది తిప్పింది. మూడోది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చిన్నోడు బతికాడు.

"ఒకటి కాదురా!" అని అరిచింది. "నీది ఉబ్బు బాకా. వాడిది కంచె బాకా. ఇరవై చూశా. వాడి కంచెలోంచి ఇది రావడానికి వీల్లేదు!"

పెద్దోడు లేచాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. "అయితే ఇంకెక్కడి నుంచో తెచ్చి పడేశాడు."

"ఏం మాట్లాడుతున్నావురా?"

"తన కంచెలోది వేస్తే దొరికిపోతానని వేరే రకం తెచ్చాడు. ఇది ఇంకా ఘోరం. కావాలని వెతికి మరీ తెచ్చాడన్న మాట." పార అందుకున్నాడు. "అది ఇక్కడికి దానంతటదే నడిచి రాలేదు కదా. ఎవడో ఒకడు తేవాలి కదా!"

తేవాలి, నిజమే. అక్క మళ్లీ తీగ వైపు తిరిగింది. ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చకపోతే ఈ మూర్ఖుడు ఆగడు. తీగను కింది నుంచి పట్టుకుని, మట్టి గోళ్లతో తవ్వుతూ పోయింది. వేరు గోడ వైపు పోలేదు. పాకలోకి పోయింది. పాకలో మూలన గోనె బస్తాలున్నాయి, నారు ట్రేలలో కలిపే నల్లటి ఎరువు. రెండు బస్తాలు వాడేశారు. మూడోది ఇంకా మూతి విప్పలేదు. నీలం పురికొసతో రెండు ముడులు, పైన ఒక ఉచ్చు. ఆ ముడి అక్కదే. ఆ బస్తా అల్లికలోంచి తెల్లటి మొలకలు బయటికి పొడుచుకొచ్చాయి.

అప్పుడు ఆమె బయటికి వచ్చి, స్తంభం మీది పువ్వును ఇంకోసారి చూసింది. ఇందాక దొప్పల గొడవలో పట్టించుకోలేదు, తెలుపు మీద సన్నటి గులాబీ రంగు చారలు. ఆ చారల పువ్వును ఆమె జీవితంలో ఒక్కసారే చూసింది. మూడేళ్ల కిందట ఒక ప్రొఫెసర్ ఎక్కడి నుంచో తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. వేళ్లంత లావు వేర్లు, బారెడు పొడవు. అట్ట మూరెడు కూడా ఉండదు. పట్టని వేరును జానెడు ఉంచి మిగతాది కత్తిరించడం ఆ గదిలో ఆనవాయితీ. కత్తిరించింది గది వెనక గుంటలో పారేస్తారు. ఆ గుంటలో ఏళ్ల తరబడి ఆకులూ కొమ్మలూ కుళ్లి నల్లటి ఎరువైంది. పారేయడం ఎందుకని ఏటా వానల ముందు బస్తాలకెత్తి తమ్ముడి తోటకు పంపేది తనే. పెద్దోడు నారంటే ప్రాణం పెడతాడని, ప్రేమతో పంపేది. ఆ మొక్క పేరు, కుటుంబం, దొరికిన చోటు, తేదీ అన్నీ చక్కటి అక్షరాలతో అట్ట మీద రాసింది. ఆ గదిలో అందరి లెక్కా ఒకటే, అట్టకెక్కిన మొక్క చచ్చిపోయినట్టే. పారేసిన వేరు బతికే ఉంటుందన్న ఆలోచన ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కరికీ రాలేదు. పేర్లు పెట్టడంలో అంత తీరిక లేకుండా ఉన్నారు మహానుభావులు!

సిగ్గుతో ఆమె ఒళ్లంతా మండిపోయింది. భయం కూడా వేసింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ పెద్దోడు అప్పటికే పక్క దారి పట్టాడు, పార భుజం మీద లేదు, చేతిలో ఉంది.

"ఆగరా! నేనే తెచ్చాను!"

పెద్దోడు ఆగి, వెనక్కి తిరిగి నవ్వాడు. "చిన్నోడంటే నీకెప్పుడూ ముద్దే. వాడు పగలగొట్టిన ప్రతి వస్తువూ నువ్వే పగలగొట్టానని చెప్పేదానివి. ఇప్పుడూ అంతేనా?"

ఆమె మాటను ఒకరు నమ్మకపోవడం జీవితంలో ఇదే మొదటిసారి, అదీ ఇలాంటప్పుడు. ఆమె మోకాళ్ల సంగతి మరిచిపోయి పాకలోకి ఉరికింది. బస్తా చెవులు పట్టుకుని బయటికి ఈడ్చింది. "ఈ ముడి ఎవరిది? చెప్పు! విప్పావా నువ్వు? విప్పలేదు కదా! ఇందులోకి చిన్నోడు ఎట్లా దూరాడురా?" పళ్లతో పురికొస తెంపి, బస్తాను బోర్లించింది. నల్లటి ఎరువుతో పాటు తెల్లటి వేర్లు కుప్పగా జారి పడ్డాయి. కొన్నిటికి కత్తెరతో కోసిన చివర్లు ఇంకా తిన్నగానే ఉన్నాయి.

పెద్దోడు ఆ కుప్పను చూశాడు. తర్వాత పార ఎత్తి కుప్ప మీద వేశాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ వేశాడు. వేర్లు తెగి పాలు చిమ్మాయి. "నరకకురా, ముక్కముక్కా మొలుస్తుంది!" అని అక్క చెయ్యి పట్టుకోబోతే, పార వదిలేసి ఆమె చెంప పగలగొట్టాడు. ఆమె ఎరువులో పడింది. నోట్లో మట్టి, దాని వెనకే నెత్తురు రుచి. పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు ఆమె మీద చెయ్యెత్తడం అదే మొదలు.

కొట్టిన చెయ్యిని వాడే వింతగా చూసుకున్నాడు. తర్వాత కుప్ప దగ్గర కూలబడి, పశువు అరిచినట్టు అరిచాడు. "వాడి వేళ్లు విరగ్గొట్టానే! తొక్కానే వాడి ముఖం మీద! చెప్తూనే ఉన్నాడక్కా, నాకు తెలియదన్నా, నాకు తెలియదన్నా అని చెప్తూనే ఉన్నాడు."

అక్క లేవడానికి ఒక చెయ్యి నేలకు ఆనించింది. ఆమెకు భయం పోయి, కొంచెం ఊపిరి కూడా ఆడింది. చెంప మంట ఆమెకు లెక్కే కాదు. ఇంకో నాలుగు కొట్టినా పడేది, చిన్నోడు దక్కాడు.

పెద్దోడు చటుక్కున లేచాడు. గుప్పెడు వేర్లు పట్టుకున్నాడు. "చూపిస్తా వాడికి. కాళ్ల మీద పడతా," అంటూ పక్క దారిలోంచి పరుగు తీశాడు. పార అక్కడే పడి ఉంది.

"ఆగు! నేను ముందు పోతా! ఒరేయ్, ఆగరా!"

వాడు వినలేదు. ఏడుస్తూ పరిగెత్తేవాడికి వెనక నుంచి ఏం వినబడుతుంది! ఆమె గోడ పట్టుకుని, స్తంభం పట్టుకుని, కుంటుకుంటూ వెంటబడింది. మలుపు తిరిగేసరికి పెద్దోడు చిన్నోడి వాకిట్లో ఉన్నాడు. మెల్లగా పిలవడం వాడికి ఎప్పుడూ చేతకాలేదు. పొద్దున అరిచిన గొంతే, పొద్దున బాదిన తలుపే.

"రేయ్ చిన్నోడా! తలుపు తియ్యి! తియ్యరా!"

తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. పెద్దోడు పిడికిలి ముందుకు చాపాడు. గునపం పైనుంచి దిగింది. చిన్నోడు ఒంటిచేత్తో కొట్టిన దెబ్బ అది, అయినా చాలింది. తల మీద పడిన చప్పుడు అక్కకు అంత దూరం వినబడింది. పెద్దోడు ఒక అడుగు వెనక్కి వేసి, మెట్టు మీద కూర్చోబోయినట్టు వంగి, పక్కకు పడిపోయాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోదానికి మరదలు అరుస్తూ భర్త చెయ్యి పట్టుకుంది.

అక్క చేరుకునేసరికి నెత్తురు మెట్ల మీంచి కిందికి కారుతోంది. ఆమె పక్కన కూర్చుని తమ్ముడి ముక్కు దగ్గర వేలు పెట్టింది. మెడ దగ్గర పెట్టింది. మళ్లీ ముక్కు దగ్గర పెట్టింది. వేలికి ఊపిరి తగల్లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతిదీ ఇరవైసార్లు చూసుకునే మనిషి, ఇక్కడా అలాగే చూస్తూ కూర్చుంది.

"చేతిలో ఏదో పట్టుకొచ్చాడక్కా," అన్నాడు చిన్నోడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "నా ముఖం మీదికి ఎత్తాడు. నువ్వూ చూశావు కదా. ఏంటది? కత్తేనా?"

అక్క పెద్దోడి పిడికిలి విప్పింది. వేళ్లు ఒక్కొక్కటే తీయాల్సి వచ్చింది.

"ఉబ్బు బాకా వేరు," అంది, అలవాటుగా. "నేను పంపిన ఎరువులో వచ్చిందిరా. నీ తప్పు లేదని తెలిసింది వాడికి. నీ కాళ్ల మీద పడదామని వచ్చాడు."

చిన్నోడు గునపం కింద పెట్టలేదు. దాన్ని అలాగే పట్టుకుని మెట్టు మీద కూర్చుని, కట్టు కట్టిన చేత్తో పెద్దోడి భుజం కదుపుతూ, "అన్నా, లే. విన్నాను, లే," అంటూ ఉండిపోయాడు.